పిచర్ మోచెయ్యి, నిబంధనల పుస్తకం

బేస్‌బాల్‌లో పిచర్ పాదం ఆనించి నిలబడే తెల్ల రబ్బరు పలకకూ, బ్యాటర్ పక్కనుండే హోమ్ ప్లేటుకూ మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు. పిచర్ పెద్ద అంగ వేసి ముందుకు వంగి బంతిని వదులుతాడు కాబట్టి, బంతి నిజంగా ప్రయాణించేది సుమారు 55 అడుగులే. గంటకు 153 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతికి ఆ దూరం దాటడానికి దాదాపు 0.4 సెకన్లు చాలు. బంతి ఎటు వస్తున్నదో కన్ను పసిగట్టాలి, కొట్టాలా వదలాలా అని మెదడు తేల్చుకోవాలి, చేతులు బ్యాటు తిప్పాలి. ఇదంతా ఆ 0.4 సెకన్లలోనే జరగాలి. ఈ పోరులో ఏ పక్షమూ పూర్తిగా పైచేయి సాధించకుండా చూడటానికి అమెరికా వృత్తి బేస్‌బాల్ 130 ఏళ్లకు పైగా నిబంధనలు మారుస్తూనే ఉంది.

క్రికెట్ తెలిసిన పాఠకులు రెండు మూడు తేడాలు గుర్తుంచుకుంటే చాలు. బౌలర్ పరుగెత్తుకుంటూ వచ్చి, మోచెయ్యిని 15 డిగ్రీలకు మించి చాచకుండా బంతి వేయాలి. పిచర్‌కు పరుగు లేదు, మోచేతిపై ఆంక్షా లేదు. రాయి విసిరినట్టే విసురుతాడు. బంతి నేలను తాకకుండా నేరుగా వస్తుంది. ప్లేటు మీదుగా, బ్యాటర్ మోకాళ్లకూ ఛాతీకీ మధ్య ఉండే ఊహా చట్రమే స్ట్రైక్ జోన్; అందులోంచి వచ్చిన బంతిని వదిలేసినా, బ్యాటు తిప్పి తప్పినా స్ట్రైక్. మూడు స్ట్రైకులు పడితే బ్యాటర్ అవుట్. స్ట్రైక్ జోన్‌కు బయట పడ్డ బంతిని (దాన్ని ‘బాల్’ అంటారు) నాలుగుసార్లు వదిలేస్తే బ్యాటర్ ఉచితంగా మొదటి బేస్‌కు నడిచి వెళ్తాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌లలో ఒక్కో జట్టు 27 అవుట్లు సాధించాలి. ఈ చర్చకంతటికీ మూలమైన నియమం మరొకటుంది: ఒకసారి మైదానం విడిచిన పిచర్ ఆ మ్యాచ్‌లో మళ్లీ రాలేడు. కానీ అతని స్థానంలో ఎంతమంది తాజా పిచర్లను దించాలన్నది, జట్టులో ఉన్నవాళ్లు అయిపోయేదాకా మేనేజర్ ఇష్టం.

పిచర్‌ను 60 అడుగుల 6 అంగుళాలకు జరిపింది 1893లో. అంతకుముందు పిచర్ గీసిన పెట్టెలో నిలబడి వేసేవాడు; ఆ పెట్టె ముందు గీత ప్లేటుకు 50 అడుగుల దూరంలోనే ఉండేది. వెనక్కి జరిపిన మరుసటి ఏడాదే నేషనల్ లీగ్ బ్యాటింగ్ సగటు, అంటే బ్యాటర్ల ప్రయత్నాల్లో బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరిన (హిట్) వాటా, 0.300 దాటిపోయింది. 1920లో ఉమ్మి, మట్టి, మైనం పూసి బంతి గమనాన్ని మార్చే స్పిట్‌బాల్‌ను నిషేధించారు. అప్పటికే దానిమీద బతుకుతున్న 17 మంది పిచర్లకు మాత్రం రిటైరయ్యేదాకా మినహాయింపు ఇచ్చారు. వారిలో చివరివాడు బర్లీ గ్రైమ్స్ 1934 దాకా ఆడాడు. అదే 1920 ఆగస్టులో క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్‌మన్ తలకు బంతి తగిలి మరణించాడు. మాసి నల్లబడిన బంతిని వెంటనే మార్చి తెల్ల బంతి ఇవ్వాలన్న పట్టింపు ఆ విషాదం తర్వాత గట్టిపడింది.

ఈ చరిత్రలో అందరూ తలచుకునే ఏడాది 1968. అంతకు ఐదేళ్ల ముందు స్ట్రైక్ జోన్‌ను పెంచడంతో పిచర్లు చెలరేగిపోయారు. సెయింట్ లూయిస్ పిచర్ బాబ్ గిబ్సన్ ఆ ఏడాది, ఫీల్డర్ల పొరపాట్ల వల్ల వచ్చినవి మినహాయిస్తే, తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.12 పరుగులే ఇచ్చాడు. డెట్రాయిట్ పిచర్ డెనీ మెక్‌లెయిన్ 31 మ్యాచ్‌లు గెలిచాడు. మేజర్ లీగ్‌లోని రెండు లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్ బ్యాటింగ్ కిరీటం 0.301 సగటుతో కార్ల్ యస్త్రెమ్‌స్కీకి దక్కింది. ఆ లీగ్‌లో 0.300 దాటినవాడు అతనొక్కడే. మరుసటి ఏడాది పిచర్ నిలబడే మట్టి దిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10 అంగుళాలకు దించారు, స్ట్రైక్ జోన్‌ను కుదించారు. మొత్తం బ్యాటింగ్ సగటు 0.237 నుంచి 0.248కి లేచింది. 1973లో అమెరికన్ లీగ్ పిచర్ బదులు బ్యాటింగ్‌కు మాత్రమే దిగే ఆటగాడిని అనుమతించింది. 2022 నుంచి ఆ పద్ధతి రెండు లీగులకూ వర్తిస్తోంది.

ఈ పాత మార్పులన్నీ ఒకే కొలబద్దతో జరిగాయి: స్కోరుబోర్డు మీద పరుగులు తగ్గాయా, పెరిగాయా? పిచర్ చెయ్యి ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్న నిబంధనలు రాసేవాళ్ల ముందుకు చాలా ఆలస్యంగా వచ్చింది. దాన్ని అర్థం చేసుకోవడానికి ఒక్క బంతిని దగ్గరి నుంచి చూడాలి.

కుడిచేతి పిచర్ ఎడమ మోకాలిని పైకెత్తుతాడు. కుడికాలితో రబ్బరు పలకను వెనక్కి తన్ని, ఎడమ పాదాన్ని దిబ్బ వాలు మీద ముందుకు దించుతాడు. ఆ పాదం నేలను తాకేసరికి నడుము బ్యాటర్ వైపు తిరగడం మొదలవుతుంది. భుజాలు ఇంకా వెనకే ఉంటాయి. నడుము తర్వాత మొండెం, మొండెం తర్వాత భుజం. కొరడా ఝళిపించినప్పుడు పిడి దగ్గర పుట్టిన కదలిక కొస దాకా పాకినట్టే, కాళ్లలో పుట్టిన శక్తి ఒక్కో మెట్టు ఎక్కి చేతికి చేరుతుంది. మొండెం ముందుకు దూసుకుపోతున్నప్పుడు ముంజెయ్యి వెనకబడి, అరచెయ్యి ఆకాశం వైపు తిరిగి, భుజం వెనక్కి మెలిపడుతుంది. మరుక్షణమే ఆ మెలిక విడిపోతుంది. అప్పుడు పైచెయ్యి తనచుట్టూ తాను తిరిగే వేగం సెకనుకు 7,000 డిగ్రీల దాకా ఉంటుంది. అదే వేగంతో ఒక సెకను పాటు తిరగగలిగితే దాదాపు 20 చుట్లు పూర్తవుతాయి.

భుజం గరిష్ఠంగా వెనక్కి మెలిపడిన ఆ క్షణంలో భారమంతా మోచెయ్యి లోపలి వైపు పడుతుంది. అక్కడ పైచేతి ఎముకనూ ముంజేతి లోపలి ఎముకనూ కట్టి ఉంచే చిన్న లిగమెంట్ ఉంది. ఎముకను ఎముకతో కలిపే ఈ పట్టీ చిటికెన వేలికంటే సన్నం. పిచర్ విసురులో మోచేతిని పక్కకు విరవజూసే మెలిబలం సుమారు 64 న్యూటన్ మీటర్లని అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు 1990లలో లెక్కగట్టారు. మోచేతి నుంచి అరచేతి దాకా 35 సెంటీమీటర్లనుకుంటే, అరచేతికి 20 కిలోలకు కాస్త తక్కువ బరువు కట్టి పక్కకు లాగినట్టు. మృతదేహాల నుంచి తీసిన లిగమెంట్లను ప్రయోగశాలలో లాగి చూస్తే దాదాపు అందులో సగం బలానికే తెగిపోయాయి. అయినా ప్రతి బంతికీ లిగమెంట్ తెగకపోవడానికి కారణం, ముంజేతి లోపలి కండరాలు బిగుసుకుని భారంలో కొంత పంచుకోవడం. కండరాలు అలసిపోతే ఆ వాటా తగ్గుతుంది, మిగిలినది లిగమెంట్ మీద పడుతుంది. పిచర్ గాయాల చర్చలో అలసట అనే మాట పదేపదే రావడానికి కారణమిదే.

1974 జులైలో లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ ఎడమచేతి పిచర్ టామీ జాన్‌కు ఇదే లిగమెంట్ తెగింది. అప్పటికతను 13 మ్యాచ్‌లు గెలిచి, మూడే ఓడి మంచి ఊపులో ఉన్నాడు. అంతవరకు ఆ గాయమంటే ఆట ముగిసినట్టే. జట్టు వైద్యుడు ఫ్రాంక్ జోబ్ సెప్టెంబర్ 25న అతని కుడి ముంజేతి నుంచి, కండరాన్ని ఎముకతో కలిపే ఒక టెండన్ తీసి, ఎడమ మోచేతి ఎముకల్లో రంధ్రాలు చేసి, అంకె ఎనిమిది ఆకారంలో దూర్చి కట్టాడు. కోలుకునే అవకాశం నూటికి ఒక వంతే అని ముందే చెప్పాడు. బొటనవేలినీ చిటికెన వేలినీ కలిపి మణికట్టును కాస్త వంచితే, చాలామందికి ముంజేతి మధ్యలో తాడులా ఒకటి పైకి తేలుతుంది. జోబ్ వాడినది దాన్నే. కొందరికి పుట్టుకతోనే అది ఉండదు, వాళ్లకు తొడ వెనక టెండన్ వాడతారు. ముంజేతి టెండన్‌ను తీసేసినా రోజువారీ పనికి లోటు రాదు. టామీ జాన్ 1975 అంతా ఆడలేదు. 1976లో తిరిగొచ్చి 1989 దాకా ఆడాడు. మొత్తం 288 గెలుపుల్లో 164 శస్త్రచికిత్స తర్వాతివే. ఆ చికిత్సకు అతని పేరే నిలిచిపోయింది.

ఈ విజయమే ఒక ప్రమాదకరమైన అపోహకు కూడా తావిచ్చింది: చికిత్స చేయించుకుంటే చెయ్యి మునుపటికంటే గట్టిపడుతుందని. అది నిజం కాదు. కోలుకోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది, కొందరు మునుపటి స్థాయికి ఎప్పటికీ చేరరు, కొందరికి రెండోసారి కత్తి పడుతుంది. జపాన్ పిచర్ షోహీ ఓతాని మోచేతికి 2018లో ఒకసారి, 2023లో మరోసారి శస్త్రచికిత్స జరిగింది. మళ్లీ అతను మేజర్ లీగ్‌లో బంతి విసిరింది 2025 జూన్‌లో.

పిచర్ మీద ఎంత భరోసా పెట్టుకోవచ్చు అన్న ప్రశ్నకు ఇది ఒక ముఖం: చెయ్యి నిలుస్తుందా? రెండో ముఖం గణాంకాలది: ఈ ఏడాది బాగా వేసినవాడు వచ్చే ఏడాదీ బాగా వేస్తాడా? ఈ రెండు ప్రశ్నలనూ వేర్వేరుగా చర్చించడం అలవాటైపోయింది. కానీ అవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి.

పిచర్ ప్రతిభకు పాత కొలమానం, ఫీల్డర్ల పొరపాట్లు మినహాయించి అతను తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు. 2001లో గణాంక విశ్లేషకుడు వోరోస్ మెక్‌క్రాకెన్ ఈ కొలమానాన్ని కుదిపేసే వ్యాసం రాశాడు. బ్యాటర్ కొట్టిన బంతి మైదానంలో పడ్డాక అది ఫీల్డర్ చేతికి వెళ్తుందా, సందులోంచి జారిపోతుందా అన్నదానిమీద పిచర్ అదుపు దాదాపు లేదన్నది అతని వాదన. స్ట్రైక్ అవుట్లు, ఉచిత నడకలు, బంతి మైదానం దాటిపోయే హోమ్ రన్లు మాత్రమే పిచర్ చేతిలోవి. ఈ మాట మొదట్లో చాలామందికి మింగుడుపడలేదు. తన తరంలో మేటి పిచర్ పేద్రో మార్టినెజ్ అంకెలే చూడవచ్చు. 1999లో అతని బౌలింగ్‌లో మైదానంలో పడ్డ ప్రతి 100 బంతుల్లో సుమారు 32 హిట్లయ్యాయి, 2000లో 24 మాత్రమే. మనిషి అతనే, ఆట తీరూ అదే. రెండేళ్లలోనూ అతని స్ట్రైక్ అవుట్లు ఉచిత నడకలకు ఎనిమిది రెట్లకు పైగా ఉన్నాయి. తర్వాతి పరిశోధనలు మెక్‌క్రాకెన్ మాటను కొంత సవరించాయి. బంతిని గాల్లోకి నిట్టనిలువుగా లేపించే పిచర్లకు, దాదాపు గింగిరం లేని నకుల్‌బాల్ వేసేవాళ్లకు కాస్త అదుపు ఉంటుందని తేలింది. మూలసూత్రం మాత్రం నిలిచింది.

చిన్న లెక్క వేసి చూస్తే అదృష్టం వాటా ఎంతో తెలుస్తుంది. ఒక పిచర్ ఏడాదిలో వేసిన బంతుల్లో 500 మైదానంలో పడ్డాయనుకుందాం. సగటున వందకు 30 చొప్పున 150 హిట్లు రావాలి. నాణెం ఎగరేసినప్పుడు వచ్చే హెచ్చుతగ్గుల సూత్రం ప్రకారం, ప్రతిభలో ఏ తేడా లేకపోయినా ఆ సంఖ్య అటో ఇటో 10 మారడం మామూలే. మూడింట ఒక వంతు పిచర్లకు అంతకంటే ఎక్కువే మారుతుంది. ఇప్పుడు మ్యాచ్ మధ్యలో దిగి ఏడాదికి 60 ఇన్నింగ్స్ మాత్రమే వేసే రిలీఫ్ పిచర్‌ను తీసుకోవాలి. అతను 20 పరుగులిస్తే సగటు 3.00, ఆణిముత్యమంటారు. నాలుగు బంతులు ఫీల్డర్ల సందులోంచి జారి మరో ఆరు పరుగులొస్తే సగటు 3.90, మామూలు ఆటగాడైపోతాడు. ఆ ఆరు పరుగులు రెండు చెడ్డ సాయంత్రాల ఫలితం. స్ట్రైక్ అవుట్ల శాతం మాత్రం 70 మంది బ్యాటర్లను ఎదుర్కొనేసరికే పిచర్ అసలు సత్తాను చెప్పడం మొదలుపెడుతుంది. మైదానంలో పడ్డ బంతుల్లో హిట్ల శాతం అదే స్థాయి భరోసా ఇవ్వాలంటే సుమారు 2,000 బంతులు కావాలి, అంటే మూడు నాలుగేళ్ల ఆట.

జట్ల యాజమాన్యాలు ఈ పాఠాన్ని బాగానే ఒంటపట్టించుకున్నాయి. పిచర్ చేతిలో ఖచ్చితంగా ఉన్నది స్ట్రైక్ అవుటే అయితే, స్ట్రైక్ అవుట్లు తెచ్చేవాళ్లే కావాలి. స్ట్రైక్ అవుట్‌కు దగ్గరి దారి వేగం, బంతికి పెట్టే గింగిరం. మేజర్ లీగ్‌లో ఫాస్ట్‌బాల్ సగటు వేగం 2008లో గంటకు సుమారు 147 కిలోమీటర్లు. 2024 నాటికి 151 దాటింది. మరో గణాంకం దీనికి తోడైంది: ఒకే మ్యాచ్‌లో ఒక పిచర్‌ను మూడోసారి ఎదుర్కొనే బ్యాటర్లు మొదటిసారికంటే మెరుగ్గా ఆడతారు. కాబట్టి మూడో విడత రాకముందే పిచర్‌ను మార్చేయడం లాభం. ఐదో ఇన్నింగ్స్ దాకా ఉన్న శక్తంతా ధారపోసి వేయాలని, తర్వాత మరొకరు ఒక్కో ఇన్నింగ్స్ అదే తీరులో వేయాలని జట్లు తీర్మానించాయి.

దీని ఫలితాన్ని ఒక్క పోలిక చెబుతుంది. 1968లో గిబ్సన్ 34 మ్యాచ్‌లు ప్రారంభించి, వాటిలో 28 మ్యాచ్‌లను మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా తానే పూర్తి చేశాడు. 2024లో 30 జట్ల పిచర్లందరూ కలిసి పూర్తి చేసిన మ్యాచ్‌లు 28.

పాతకాలపు పిచర్లకు దేహబలం ఎక్కువని చెప్పడం సరికాదు. వాళ్లు ప్రతి బంతికీ పూర్తి బలం పెట్టలేదు. ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో గొప్ప పిచర్ క్రిస్టీ మాథ్యూసన్ తన ఉత్తమమైన బంతిని ఇరకాటంలో పడ్డప్పటికి దాచుకోవాలనేవాడు. 1912లో వచ్చిన అతని పుస్తకం పేరులోనే ఆ ఆలోచన ఉంది. బేస్‌లు ఖాళీగా ఉన్నప్పుడు, బలహీనుడు బ్యాటింగ్‌కు వచ్చినప్పుడు చేతికి కాస్త విశ్రాంతినిచ్చేవారు. ఈనాటి తొమ్మిది మంది బ్యాటర్లలో అలాంటి బలహీనుడు లేడు, ప్రతివాడూ హోమ్ రన్ కొట్టగలడు. దాచుకునే వెసులుబాటు పోయింది. వేగానికీ మోచేతి భారానికీ ఉన్న సంబంధం గురించి పరిశోధనలు ఒక సూక్ష్మమైన సంగతి చెబుతున్నాయి. వేర్వేరు పిచర్లను పోలిస్తే ఆ సంబంధం బలహీనం, ఎందుకంటే శరీరాలూ విసిరే తీరులూ వేరు. ఒకే పిచర్ నెమ్మది బంతినీ వేగం బంతినీ పోలిస్తే మాత్రం చాలా గట్టిది. ఎవరికి వారు తమ గరిష్ఠ వేగానికి దగ్గరయ్యేకొద్దీ వారి మోచెయ్యి మూల్యం చెల్లిస్తుంది.

గాయాల జాబితా లెక్కలు కూడా ఇదే మాట చెబుతున్నాయి. మేజర్ లీగ్ 2024 డిసెంబర్‌లో విడుదల చేసిన అధ్యయన నివేదిక ప్రకారం, గాయపడ్డవారి జాబితాలో పిచర్లను చేర్చిన సందర్భాలు 2005లో 212, 2024లో 485. వేగం, గింగిరం కోసం వెంపర్లాట, ప్రతి బంతికీ గరిష్ఠ బలం పెట్టడం ప్రధాన కారణాలని అది పేర్కొంది.

ఈ నేపథ్యంలోనే 2023 మార్పులు వచ్చాయి. వాటి లక్ష్యం వేరు: సాగిపోతున్న ఆటను బిగించడం. బేస్‌లు ఖాళీగా ఉంటే 15 సెకన్లలో, రన్నర్ ఉంటే 20 సెకన్లలో పిచర్ విసురు మొదలుపెట్టాలి; లేకుంటే ఒక బాల్ జరిమానా. బ్యాటర్ ఎనిమిది సెకన్లు మిగిలుండగానే సిద్ధం కావాలి, లేకుంటే స్ట్రైక్. రన్నర్ ఉన్న వ్యవధిని 2024లో 18 సెకన్లకు తగ్గించారు. రన్నర్‌ను బెదిరించడానికి పిచర్ పలకమీద నుంచి పాదం తీసే అవకాశం ఒక్కో బ్యాటర్‌కు రెండుసార్లకే పరిమితమైంది. బేస్‌ల వెడల్పు 15 అంగుళాల నుంచి 18కి పెరిగింది. రెండో బేస్‌కు ఒకే పక్క ఇద్దరికి మించి ఇన్‌ఫీల్డర్లు నిలబడటం నిషేధించారు. తొమ్మిది ఇన్నింగ్స్ మ్యాచ్ సగటు వ్యవధి 2022లో 3 గంటలు దాటి ఉండగా, 2023లో 2 గంటల 40 నిమిషాలకు పడిపోయింది. బేస్ దొంగతనాలు (బ్యాటర్ బంతి కొట్టకుండానే రన్నర్ తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరడం) 2,486 నుంచి 3,503కి పెరిగాయి. బ్యాటింగ్ సగటు 0.243 నుంచి 0.248కి లేచింది. ప్రేక్షకుల వైపు నుంచి చూస్తే ఇంత తక్కువ సమయంలో ఇంత స్పష్టమైన ఫలితమిచ్చిన సంస్కరణ బేస్‌బాల్ చరిత్రలో అరుదు.

పిచర్ వైపు నుంచి చూస్తే ఈ సెకన్ల గడియారం మీద వివాదం ఇంకా తెగలేదు. 2024 ఏప్రిల్ తొలి వారంలో పిచర్లు స్పెన్సర్ స్ట్రైడర్, షేన్ బీబర్, యూరీ పెరెజ్‌ల మోచేతి గాయాల వార్తలు వరుసగా వచ్చాయి. ఆటగాళ్ల సంఘం నాయకుడు టోనీ క్లార్క్ వెంటనే ప్రకటన చేశాడు: ఆటగాళ్లందరూ వద్దన్నా గడియారాన్ని మరింత తగ్గించారని, కోలుకునే సమయం తగ్గడం వల్ల చేతులకు ఏమవుతుందో పట్టించుకోలేదని ఆరోపించాడు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ విశ్లేషణలో గడియారానికీ గాయాలకూ సంబంధమున్న ఆధారం కనబడలేదని లీగ్ బదులిచ్చింది.

రెండు పక్షాల మాటల్లోనూ బలముంది. బంతికీ బంతికీ మధ్య వ్యవధి తగ్గితే ముంజేతి కండరాల అలసట పెరుగుతుందని కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మైక్ సోన్, పీటర్ కీర్ 2016లోనే కంప్యూటర్ నమూనాతో చూపించారు. అలసిన కండరం లిగమెంట్‌ను కాపాడలేదన్న సంగతి పైన చూశాం. యంత్రాంగం తెలిసినదే, ఆటగాళ్ల భయం ఊహ కాదు. అయితే అది నమూనా లెక్క, మైదానంలో లెక్కించిన గాయాలు కావు. పైగా గాయాల పెరుగుదల గడియారం రాకముందే మొదలైంది. వృత్తి బేస్‌బాల్‌లో టామీ జాన్ శస్త్రచికిత్సలు శిఖరానికి చేరింది 2020లో. మూడేళ్ల తర్వాత వచ్చిన నిబంధన మీద ఆ నెపం వేయడం కుదరదు. గడియారం మంట పెట్టలేదు. అంటుకున్న మంటకు గాలి వేస్తున్నదా లేదా అన్నదే మిగిలిన ప్రశ్న. దానికి జవాబు రావాలంటే మరికొన్నేళ్ల లెక్కలు కావాలి. అందాకా వ్యవధిని ఇంకా కోయకుండా ఆగడం లీగ్ కనీస బాధ్యత.

జిగురు పదార్థాల నిషేధం మీదా ఇలాంటి వాదనే నడిచింది. బంతికి గింగిరం పెంచడానికి పిచర్లు రహస్యంగా వాడే జిగురును అరికట్టడానికి 2021 జూన్ 21 నుంచి అంపైర్లు చేతులు, టోపీలు, బెల్టులు తనిఖీ చేయడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లోనే మోచెయ్యి దెబ్బతిన్న పిచర్ టైలర్ గ్లాస్‌నో, సీజన్ మధ్యలో పట్టు మార్చుకోవాల్సి రావడమే కారణమని బాహాటంగా అన్నాడు. బంతి జారకుండా ఇంకా గట్టిగా నొక్కి పట్టుకోవాల్సి వచ్చిందన్నది అతని వివరణ. నిషేధం న్యాయమే. సీజన్ మధ్యలో హఠాత్తుగా అమలు చేయడం మాత్రం తొందరపాటు. చేతి కండరాలు కొత్త పట్టుకు అలవాటు పడటానికి శీతాకాలం విరామమంతా ఇచ్చి ఉండాల్సింది.

ఇక ముందున్న ప్రతిపాదనలు. పిచర్‌ను మరో అడుగు వెనక్కి, 61 అడుగుల 6 అంగుళాలకు జరిపితే ఎలా ఉంటుందో మేజర్ లీగ్‌తో ఒప్పందమున్న అట్లాంటిక్ లీగ్‌లో 2021 సీజన్ రెండో సగంలో ప్రయోగించారు. ఆశించిన ఫలితం కనబడకపోవడంతో వదిలేశారు. మొదటి పిచర్‌ను తీసేస్తే అతనితో పాటు బ్యాటింగ్‌కు మాత్రమే దిగే ఆటగాడినీ కోల్పోవాలన్న నియమాన్ని కూడా అదే లీగ్‌లో పరీక్షించారు. మొదటి పిచర్ కనీసం ఆరు ఇన్నింగ్స్ వేసి తీరాలన్న ఆలోచన 2024లో చర్చకు వచ్చింది. 100 బంతులు దాటినా, నాలుగు పరుగులిచ్చినా, గాయపడ్డా మినహాయింపు. ఉద్దేశం మంచిదే కానీ ఈ ఒత్తిడి పిచర్ మీద పడుతుంది. గాయాన్ని దాచి వేయడానికీ, లేని గాయాన్ని చూపి తప్పించుకోవడానికీ తలుపు తెరుస్తుంది. 2026 సీజన్‌కు ఆమోదించిన స్ట్రైక్ జోన్ సవాలు పద్ధతి అంపైర్ తప్పులను దిద్దుతుంది. క్రికెట్ చూసేవారికి సుపరిచితమైన హాక్-ఐ కెమెరాలే అక్కడా తీర్పు చెబుతాయి. చేతి భారాన్ని అది మార్చదు.

అసలు చిక్కు ఎక్కడుందో గుర్తిస్తే దారి కనబడుతుంది. ఐదు ఇన్నింగ్స్ గరిష్ఠ బలంతో వేయించి పిచర్‌ను మార్చేయడం ఏ ఒక్క జట్టు లెక్కలో చూసినా సరైనదే. గాయపడ్డవాడి స్థానంలో మరొకణ్ని దించడానికి కింది లీగుల్లో వేగంగా విసిరే కుర్రాళ్లు డజన్ల కొద్దీ ఉన్నారు. ఒక్క జట్టే నిగ్రహం పాటిస్తే ఓడిపోతుంది. ప్రతి జట్టుకూ లాభమైనది ఆటకు నష్టమైనప్పుడే ఉమ్మడి నిబంధన అవసరమవుతుంది. 26 మంది జట్టులో పిచర్లు 13 మందికి మించకూడదన్న పరిమితి 2022 జూన్ నుంచి అమలులో ఉంది. దాన్ని 12కు, ఆపైన 11కు దించడమే ఇప్పుడున్న ప్రతిపాదనల్లో పిచర్ చేతికీ ఆటకూ ఎక్కువ మేలు చేసేది. దింపడానికి తాజా చేతులు తక్కువైతే మొదటి పిచర్ ఏడో ఇన్నింగ్స్ దాకా నిలవాలి. నిలవాలంటే ప్రతి బంతికీ ఉన్నదంతా ధారపోయలేడు. మాథ్యూసన్‌లా దాచుకోవడం నేర్చుకోవాలి. వేగం ఒక మెట్టు దిగుతుంది, బ్యాట్‌కు బంతి ఎక్కువగా తగులుతుంది. ఒక్కొక్కరు ఎక్కువ ఇన్నింగ్స్ వేస్తారు కాబట్టి వారి గణాంకాల మీద కూడా ఎక్కువ భరోసా ఉంచవచ్చు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. గరిష్ఠ బలానికే అలవాటు పడిన ఈ తరం పిచర్లను ఒక్కసారిగా ఎక్కువసేపు నిలబెడితే తొలి ఏళ్లలో గాయాలు ఇంకా పెరగవచ్చు. అందుకే మార్పును కింది లీగుల్లో మొదలుపెట్టి, మూడు నాలుగేళ్ల వ్యవధి ముందే ప్రకటించి, మెట్టుమెట్టుగా తేవాలి. కింది లీగుల్లో గడియారాన్ని పరీక్షించాకే పై లీగ్‌లో పెట్టినట్టు, దీన్నీ పరీక్షించవచ్చు.

వృత్తి లీగ్ నిబంధన చేరలేని చోటు ఒకటుంది. మోచెయ్యి అరుగుదల ఇరవై ఏళ్లు నిండక ముందే, పాఠశాల మైదానాల్లో, ఏడాది పొడవునా సాగే ప్రదర్శన పోటీల్లో మొదలవుతుంది. వేగం కొలిచే రాడార్ గన్‌లో అంకె పెరిగితేనే ఎంపికదారుల కన్ను పడుతుందని పిల్లలకూ తల్లిదండ్రులకూ తెలుసు. అమెరికాలో స్థిరపడి పిల్లల్ని వారాంతాల్లో లిటిల్ లీగ్ ఆటకు తీసుకెళ్లే తెలుగు కుటుంబాలకూ ఈ సంగతి పనికొస్తుంది. లిటిల్ లీగ్ 2007లో బంతుల లెక్కకు పరిమితి తెచ్చింది. మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి 2014లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం 9, 10 ఏళ్ల పిల్లలు రోజుకు 75 బంతులకు మించి వేయకూడదు. 17, 18 ఏళ్లవారికి 105. 2006లో వెలువడిన అధ్యయనమొకటి, చేతికి శస్త్రచికిత్స జరిగిన యువ పిచర్లను ఆరోగ్యంగా ఉన్నవారితో పోల్చింది. ఏడాదిలో ఎనిమిది నెలలకు మించి విసిరినవారికి శస్త్రచికిత్స ముప్పు ఐదు రెట్లు ఎక్కువ. అలసిన చేతితోనే తరచూ విసురుతూ పోయినవారికి 36 రెట్లు.